తడికాళ్ళ అల్లుడు

ఏలూరు జూట్ మిల్లు మొదటి కూత కూసేసరికి వెంకటనరసమ్మ ఇంట్లో సగం పని అయిపోయి ఉండేది. కాలవనుంచి తెచ్చిన నీళ్ళు ఇత్తడి బిందెల్లో పోసి, చిల్లగింజ సాన మీద అరగదీసి ఆ గంధం కలిపితే, కాఫీ కాచేవేళకి బురదంతా అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. చింతపండూ బూడిదా పట్టించి తోమిన గిన్నెలు పెరట్లో బోర్లించి ఉండేవి. వీటన్నిటికన్నా ముందు ఆవిడ చేసే పని ఇంకొకటుంది. పొడిగుడ్డ చేతపట్టుకుని, పడమటింటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి నూతిదాకా పడిన తడి అడుగుల్ని వరసగా తుడుచుకుంటూ పోవాలి. ఆ గుడ్డని వీధిపక్క మురిక్కాలవలో పిండి, దండెం మీద ఆరేస్తే గాని ఆవిడకి తెల్లవారినట్టుండేది కాదు.

ఆ అడుగులు ఇల్లరికం వచ్చిన అల్లుడు అబ్బాయిరాజువి.

అబ్బాయిరాజు కాళ్ళు పుట్టినప్పటినుంచీ తడి. వాళ్ళది కొల్లేటి మధ్య ఒక లంక. వరదల్లో తల్లిని పురిటికి ఒడ్డుకి చేరుస్తుంటే దారిలోనే, దోనెలో, నడి కొల్లేట్లో పుట్టాడు. మంత్రసాని ఒళ్ళంతా తుడిచింది. ఒళ్ళంతా ఆరింది, అరికాళ్ళు ఆరలేదు. అప్పటినుంచీ ఎక్కడ నడిచినా వెనకాలే కొల్లేటి నీళ్ళ అడుగులు పడుతూ ఉంటాయి. పెళ్ళిమాటలప్పుడు మధ్యవర్తి, "కుర్రాడు చామనఛాయ, మూడో ఫారం చదివాడు, కాళ్ళు తడిగా ఉంటాయి" అని మూడూ ఒకే గొంతుతో చెప్పాడు. మూడో ఫారం ఏ బళ్ళో అని ఆరా తీశారు గాని కాళ్ళ సంగతి ఎవరూ అడగలేదు. ఒకరికి ఎడమచేతివాటం ఉంటుంది, ఒకరికి పిల్లికళ్ళుంటాయి. దానికి అడిగేదేముంది?

వెంకటనరసమ్మకి కావలసింది ఇంటిపట్టున ఉండే అల్లుడు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటేడు భర్త వెంకట్రాజు పోయాడు. ఉన్నది ఒక్క కూతురు కనకరత్నం. ఉంగుటూరులో పొలం ఉంది, చూసుకునే మగదిక్కు లేదు. అందుకని అబ్బాయిరాజు అన్నదమ్ముల్లో తన వాటా వదులుకుని, ఒక ట్రంకుపెట్టెతో వైశాఖంలో ఈ ఇంటికి వచ్చాడు. మంచివాడు. మరీ మంచివాడు. నోట్లో నాలుక లేనివాడంటారే, ఆ రకం.

ఆవిడ అడుగులు తుడవడం కోపంతో కాదు. అల్లుడుగారి అడుగు మీద పనివాళ్ళ కాలు పడకూడదని మొదలుపెట్టింది. పైగా శుభ్రం ఆవిడకి పుట్టుకతో వచ్చిన గుణం. "వదిలిపెడితే వెంకటనరసమ్మ ఎండని కూడా ఉతికి ఆరేస్తుంది" అనేది ఎదురింటి వీరరాఘవమ్మ. కాని పొద్దున్నే లేచి తలుపు తీసేసరికి తన అడుగులన్నీ మాయమై నేల మెరుస్తుంటే అల్లుడికేం తెలుస్తుంది? ఈ ఇంటికి నా తడి బరువైపోయింది కాబోలు అనుకున్నాడు. గోనెపట్టా మీదుగా నడవడం నేర్చుకున్నాడు. ఎక్కువసేపు వీధి అరుగు మీదే గడిపేవాడు.

అడగొచ్చుగా అంటారు మీరు. అడగడానికి లేదు. రాజుల ఇళ్ళలో అత్త అల్లుడికి ఎదురుపడదు, మాట్లాడదు. తలుపు చాటున నిలబడి కూతురుతో, "అమ్మాయీ, అల్లుడుగారు ఇంకాస్త అన్నం పెట్టించుకుంటారేమో కనుక్కో" అంటుంది. అల్లుడు రెండు మూరల దూరంలో కూర్చుని ఆ మాట శుభ్రంగా విని, పెళ్ళాంతో, "చాలని చెప్పు" అంటాడు. కనకరత్నం ఇటు తిరిగి, "చాలుటమ్మా" అంటుంది. ఇద్దరూ అప్పుడే విన్నట్టు తలూపుతారు. మర్యాద బాగానే సాగేది. మర్యాదలో ఇమడని మాటలే ఎవరికి వారి దగ్గర ఉండిపోయేవి.

శ్రావణం వచ్చేసరికి తుడవాల్సిన తడి తగ్గింది. వెంకటనరసమ్మ సంతోషించింది, అల్లుడుగారికి ఈ ఊరు అలవాటవుతోందనుకుంది. కాని కనకరత్నం కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టింది. భర్త పెదాలు పగులుతున్నాయి. అన్నం సగంలో లేచిపోతున్నాడు. ఎంత నూనె రాసినా చేతులు తాటాకులా గరగరలాడుతున్నాయి. వైద్యుడుగారు నాడి చూసి, "ఏ జబ్బూ లేదండి, ఎండిపోతున్నారంతే" అని ఏదో లేహ్యం ఇచ్చి వెళ్ళాడు.

ఒక సాయంత్రం అబ్బాయిరాజు పెళ్ళాంతో మెల్లిగా చెప్పాడు. "కార్తీకంలో అన్నయ్య పడవ తీసుకొస్తానన్నాడు. కొన్నాళ్ళు లంకలో ఉండి వస్తాను."

"నేనూ వస్తానండి."

"వాటా వదులుకున్న ఇంటికి పెళ్ళాన్ని కూడా ఎలా తీసుకెళ్ళను కనకం? నేనొక్కణ్ణయితే ఏ చూరుకిందో పడుంటాను."

ఇల్లరికపుటల్లుడు కొన్నాళ్ళకని పుట్టింటికి వెళ్ళడమంటే ఏమిటో తెలియని వాళ్ళు ఆ పేటలో లేరు. వాళ్ళు వస్తామనే వెళ్తారు. తలుపు చాటున వెంకటనరసమ్మ ఆ మాట వింది. పెళ్ళయి ఏడాది తిరక్కుండా కూతురు మొగుడు ఉండీ లేనిదవుతుంది. అల్లుడికి ఏం తక్కువచేశానా అని ఆవిడ ఆ వారమంతా ఇల్లు ఇంకాస్త గట్టిగా కడిగింది.

కనకరత్నానికి లేసు అల్లికా చదువూ నేర్పడానికి మిషను బడినుంచి విక్టోరియా టీచరుగారు వస్తూండేవారు. ఘోషా ఇళ్ళలో ఆడపిల్లలకి బయటి ప్రపంచం ఆవిడ చేతిసంచీలోనే వచ్చేది. శిష్యురాలి కళ్ళు ఎర్రగా ఉండటం చూసి, సంగతంతా విని, ఆవిడ కాసేపు ఆలోచించారు.

"ఆయనకి కొల్లేరు మీద బెంగండి. కొల్లేరుని తేలేం గాని, కాస్త ముక్క తేవచ్చు. మా దొరసానిగారు ఓడెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోయారు కదండీ, బంగళాలో ఆవిడ అద్దాలతొట్టి ఉండిపోయింది. అందులో చేపల్ని పెంచేవారు."

"పెంచి?" అంది వెంకటనరసమ్మ.

"చూసేవారండీ. సాయంత్రం కుర్చీ వేసుకుని."

"పులుసు పెట్టుకోవాల్సినవాటిని కూర్చుని చూడటమేమిటమ్మా."

విక్టోరియా టీచరుగారు నవ్వేశారు. "కొత్త నీళ్ళలో చేప బతకదు, నీళ్ళు ముదరాలి అనేవారండి ఆవిడ. ఎలా ముదురుతాయో నేనెప్పుడూ అడగలేదు."

"నీళ్ళేమన్నా బెండకాయలా ముదరడానికి" అని వెంకటనరసమ్మ ఆ మాట అక్కడే కొట్టిపారేసింది.

తొట్టి ఒంటెద్దుబండి మీద, గడ్డిలో పొదిగి వచ్చింది. ఇద్దరు మనుషులు పట్టుకుని మండువా పక్క సావిట్లో పొట్టి బల్ల మీద పెట్టారు. బంగళా నౌకర్లు పంపేముందు దాన్ని శుభ్రంగా తోమారు. వెంకటనరసమ్మ అది చాలక మళ్ళీ తోమింది. అడుగున కడిగిన ఇసక పోసి, చిల్లగింజతో తేర్చిన నీళ్ళు నింపింది. కొల్లేటినుంచి చేపలు తెచ్చే ఆవిడ కుండలో చేదుపరిగెలు పట్టుకొచ్చింది. వేలెడు పొడవు, వెండిరేకు రంగు, తోక దగ్గర నల్లచుక్క. చేదుగా ఉంటాయని పెద్దగా ఎవరూ తినరు, అందుకే వాటి బతుకు కాస్త తెరిపి.

అబ్బాయిరాజు పొలంనుంచి వచ్చి చూశాడు. తొట్టి ముందు గొంతుక్కూచుని, అద్దానికి వేలు ఆనించాడు. ఒక పరిగె వచ్చి వేలి దగ్గర ఆగింది. అతను నవ్వాడు. పెళ్ళయ్యాక భర్త పళ్ళు కనపడేలా నవ్వడం కనకరత్నం అప్పుడే చూసింది.

తెల్లవారేసరికి ఒకటి వెల్లకిలా తేలింది. మర్నాడు ఇంకో రెండు. నీళ్ళు మురికయ్యాయేమోనని వెంకటనరసమ్మకి భయం పట్టుకుంది. అల్లుడుగారు మనసుపడ్డ చేపలు. ఇక వాటి బాధ్యత ఆవిడ నెత్తినేసుకుంది. అల్లుడు అటు పొలం వెళ్ళగానే, చేపల్ని బిందెలోకి మార్చి, నీళ్ళన్నీ పారబోసి, ఇసక అన్నం కడిగినట్టు కడిగి, అద్దాలకి చింతపండు పట్టించి, మళ్ళీ తేటనీళ్ళు నింపేది. తొట్టిలో నీళ్ళున్నాయో లేవో తెలియనంత తేట. చేపలు గాలిలో ఈదుతున్నట్టుండేవి. అయినా చచ్చిపోయేవి. కొత్తవి తెప్పించేది, అవీ పోయేవి. ఎన్ని పోతే అంత గట్టిగా తోమేది. అబ్బాయిరాజు రోజూ వచ్చి, చచ్చినవాటిని అరిటాకులో పెట్టి పెరట్లో పాతిపెట్టేవాడు.

భాద్రపదం చివర తాడేపల్లిగూడెంనుంచి కబురొచ్చింది. కనకరత్నం పెదనాన్న కూతురు సరోజకి నెలలు నిండాయి, తల్లి లేని పిల్ల, పురుడు పోసే దిక్కు లేదు. కనకరత్నం వెళ్ళక తప్పదు. పనిమనిషి వరమ్మని తోడు తీసుకుని పాసింజరు ఎక్కింది. ఎక్కేముందు అమ్మని పట్టుకుని, "ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటారే?" అంది.

"మాట్లాడుకోవాల్సిన పనేముంది? అన్నం వండుతాను, ఆయన తింటారు" అంది వెంకటనరసమ్మ.

మొదటిరోజు అలాగే గడిచింది. సావిట్లో ఆకు వేసి, అన్నీ వడ్డించి ఆవిడ తలుపు చాటుకి వెళ్ళిపోయింది. అతను తిని వెళ్ళిపోయాడు. రెండోరోజు ఆకు తీయడానికి వచ్చి చూస్తే, పప్పూ కూరా అలాగే ఉన్నాయి, ఉత్త మజ్జిగ మెతుకులు తిని లేచాడు. ఏమిటా అని రుచి చూసింది. పప్పులో ఉప్పు లేదు, కూరలో లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగలేని అల్లుడికి అత్తేం పెడుతుంది? ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఇన్నాళ్ళూ ఈ పిల్లవాడు ఇలాగే ఏమేం మింగి ఊరుకున్నాడో అనిపించింది.

మర్నాడు వడ్డించి, తలుపు చాటుకి వెళ్ళి, ఎవరితో అనాలో తెలియక సావిడంతా చూసింది. స్తంభం ఉంది. పిల్లి కూడా లేదు. తొట్టిలో ఒకే ఒక్క పరిగె మిగిలి ఉంది, తోక చిరిగి, నీటిమీదకి మూతి పెట్టి రొప్పుతోంది. 

"చేపా, చేపా" అంది వెంకటనరసమ్మ. "నిన్న ఉప్పు మర్చిపోయాను. ఇవాళ సరిపోయిందో లేదో మీ రాజుగారిని కనుక్కో."

అబ్బాయిరాజు ముద్ద కలపడం ఆపాడు. కాసేపటికి తొట్టికేసి తిరిగి, "సరిపోయిందని చెప్పండి" అన్నాడు. చేపని కూడా మీరు అనేటంత మర్యాదస్థుడు.

"పులుసు ఇంకాస్త పోయమంటారా?"

"పొయ్యమనండి."

అలా మొదలైంది. అన్నం ముగించినా అతను లేవలేదు. ఆవిడా లోపలికి వెళ్ళలేదు. ఉప్పు గురించి నోరు తెరిచాక మిగతావి తన్నుకొచ్చాయి.

"ఇన్నాళ్ళూ ఇంత శుభ్రంగా కడిగి పోస్తున్నానే, ఒక్కటీ నిలవదేం? నా చేతి దోషమేమన్నా ఉందా? అడుగమ్మా, మీ రాజుగారికి తెలుస్తుంది."

"చెబితే తప్పు పట్టుకోరు కదా అని అడగండి" అన్నాడు.

"పట్టుకోనని చెప్పు."

"అయితే అత్తయ్యగారిని అడగండి. పాలు బాగా కాచి, చల్లార్చి, తోమిన కుండలో పోసి ఊరుకుంటే పెరుగవుతుందా అండి?"

"చేమిరి వేసి తోడుపెట్టందే ఎలా అవుతుంది? విరిగి ఊరుకుంటాయి" అంది ఆవిడ. పెరుగు సంగతొచ్చేసరికి చేపని మర్చిపోయి తిన్నగా జవాబు చెప్పేసింది.

"నీళ్ళూ అంతేనండి. చేప వదిలిన మైల నీళ్ళలో విషమవుతుంది. కొల్లేట్లో బురదనీ నాచునీ అంటుకుని కంటికి కనపడని ప్రాణమేదో ఉంటుంది, అది ఆ విషాన్ని తినేస్తుంది. అది పట్టిన నీళ్ళే ముదురు నీళ్ళు. పట్టడానికి చాన్నాళ్ళు పడుతుందండి. ఈలోగా తోమితే మళ్ళీ మొదటికొస్తుంది. అత్తయ్యగారు రోజూ చేమిరి కడిగేసి రోజూ కొత్త పాలు పోస్తున్నారండి."

"మరి చెప్పరేం ఇన్నాళ్ళూ?"

అతను తొట్టికే చెప్పాడు. "పొద్దున్నే లేచి అంత కష్టపడి తోముతుంటే ఎలా చెప్పనండి."

వెంకటనరసమ్మ తలుపు వెనక నేలమీద కూలబడింది. పెరట్లో పాతిపెట్టిన అరిటాకు పొట్లాలన్నీ గుర్తొచ్చాయి. వాటి వెనకే ఇంకో సంగతి తోచింది.

"అడుగులు" అంది. "నేను తుడిచే అడుగులు కూడానా?"

వీధిలో ఎవరిదో జట్కా వెళ్ళిపోయేదాకా అతను ఆగాడు.

"మా లంకలో ఎవరూ తుడిచేవారు కాదండి. ఇంట్లో పడ్డవి ఇంట్లోనే ఆరి, తెల్లారేసరికి మళ్ళీ నా కాళ్ళకే వచ్చి చేరేవి. ఇక్కడివి చేరటం లేదండి."

అంటే పొద్దున్నే లేచి, ముగ్గుకన్నా ముందు, కాఫీకన్నా ముందు, అల్లుణ్ణి కాసింత కాసింత వీధి మురిక్కాలవలో పిండేస్తున్నానన్నమాట. ఆవిడకి ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం ఆవిడకి రాదు. అల్లుడు విన్నాడు. విని, "చేపగారూ, అత్తయ్యగారిని బాధపడొద్దనండి, ఆవిడకి తెలియదు కదండీ" అన్నాడు.

వెంకటనరసమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. పరిగె ఒకవైపుకి ఒరిగిపోతోంది.

"దీనికి చేమిరి ఎక్కణ్ణించి తేవాలి?"

"కొల్లేటి నీళ్ళయితే చాలండి. కాని తెచ్చేదాకా ఇది ఆగేట్టు లేదండి."

"కొల్లేటిదాకా ఎందుకు? లేచి నడవమను మీ రాజుగారిని."

అతను గోనెపట్టా దిగి సావిట్లో నడిచాడు. వెనకాల ఏమీ పడలేదు, నేల పొడిగానే ఉంది. మండువా చుట్టూ తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. ఎక్కడో మడమ ఆనినచోట కాస్త చెమ్మ మెరిసింది. అంతే, తలుపు చాటునుంచి వెంకటనరసమ్మ బయటికొచ్చేసింది. నెత్తిన కొంగు ముక్కుదాకా లాక్కుని, కొత్త చేనేతగుడ్డ ఆ చెమ్మ మీద అద్ది, తొట్టి మీద పెట్టి బలంకొద్దీ పిండింది. ఒక చుక్క పడింది. కుండెడు పాలకి చేమిరి చుక్క చాలదా? చాలుతుందని నమ్మడం తప్ప ఆ పూట ఆవిడ చేయగలిగిందేమీ లేదు.

తెల్లవారేసరికి పరిగె బతికే ఉంది.

ఆనాటినుంచి పని మారలేదు, గుడ్డ పిండేచోటు మారింది. పడమటింటి గుమ్మంనుంచి నూతిదాకా పడ్డ అడుగుల్ని ఆవిడ అద్దుకుంటూ వెళ్ళి తొట్టిలో పిండేది. మొదట్లో చుక్కలే పడేవి. ఆ నీళ్ళు ఇల్లు దాటి పోవడం లేదు గనకనో ఏమో, అడుగులు మెల్లిగా పెరిగాయి. మడమలు తేలాయి, తరవాత వేళ్ళు, తరవాత పాదం మొత్తం.

తొట్టి మాత్రం ఆవిడ ఓర్పుకి పరీక్ష పెట్టింది. ముందు నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తెల్లగా మారాయి. తరవాత నీచువాసన లేచింది. అద్దానికి గోధుమరంగు జిగురు పట్టింది. అది చూస్తే ఆవిడ చేతులు దురద పెట్టేవి. తోమిన బిందెనే మూడేసిసార్లు తోమి ఆ దురద తీర్చుకునేది. వీరరాఘవమ్మ ముక్కు మూసుకుని, "మీ ఇంట్లో వాసనేమిటి వదినగారూ, వినేవాళ్ళు నమ్మరు" అంది. "మా అల్లుడుగారి తొట్టి ముదురుతోంది" అంది వెంకటనరసమ్మ, పాయసం పొయ్యిమీదుందన్నంత ధీమాగా. విక్టోరియా టీచరుగారు చూడవచ్చి, "దొరసానిగారిదీ మొదట్లో ఇదే కంపండి" అని ధైర్యం చెప్పారు.

భోజనాలవేళ చేప మధ్యవర్తిత్వం నడుస్తూనే ఉంది. అతను కొల్లేటి కబుర్లు చెప్పేవాడు. చలికాలం ఎక్కడెక్కడినుంచో పక్షులు దిగుతాయని, నీళ్ళు ఇంటి మెట్లదాకా వస్తే తల్లి గడప మీద కూర్చునే గిన్నెలు కడిగేదని. ఆవిడ వెంకట్రాజు సంగతులు చెప్పేది, ఆయన కోపం, ఆయన తాంబూలం, పోయేముందు రోజు మామిడిపండు కావాలని అడిగితే అకాలమని తేలేకపోయిన సంగతి. ఆ మాట ఆవిడ కూతురుకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. కొడుకు లేని లోటు ఆవిడకి ఎప్పుడూ తెలియలేదు, ఇప్పుడు అది తీరుతుంటే తెలిసింది. దీపావళికి తొట్టిలో నీళ్ళు వాటంతట అవే తేటపడ్డాయి. చిల్లగింజ తేట కాదది, ఏటి తేట. ఇసక మీద లేతపచ్చగా నాచు లేచింది. ఇంకొన్ని పరిగెల్ని తెప్పించి వదిలితే ఒక్కటీ పోలేదు.

సరోజకి మగపిల్లవాడు పుట్టి, పురిటి పనులన్నీ అయ్యాక కనకరత్నం తిరిగొచ్చింది. భర్త బుగ్గలు నిండి ఉన్నాయి. పెదాల పగుళ్ళు మానాయి. సావిట్లో కూర్చుని ముల్లు తీసి పెట్టిన చేపలకూర ముద్దలు ముద్దలుగా తింటూ, ఇంకో చేపతో కబుర్లు చెబుతున్నాడు. తలుపు చాటునుంచి అమ్మ కిసుక్కున నవ్వుతోంది. ఆ అమ్మాయి మూట చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాని పడవ సంగతి ఎవరూ ఎత్తలేదు. భర్త ట్రంకుపెట్టె పడమటింట్లో కట్టేసి ఉంది. కనకరత్నం అడగలేదు, అతను విప్పలేదు.

కార్తీకంలో ఒక పొద్దున్నే కాలవ రేవులో పడవ ఆగింది. అబ్బాయిరాజు అన్న వచ్చాడు. పెద్ద మీసాలు, పెద్ద గొంతు, తమ్ముడంటే ప్రాణం. ఎండిపోయాడని కబురు విని వచ్చినవాడు, తమ్ముణ్ణి ఎగాదిగా చూసి ఆశ్చర్యపోయాడు. అయినా వచ్చిన పని వచ్చిన పనే. సావిట్లో గోడవారన ఉన్న బల్ల మీద కూర్చుని, "పెట్టె సర్దావా తమ్ముడూ? మధ్యాహ్నం గాలి అనుకూలంగా ఉంటుంది. తిండి పడవలోనే చూసుకుందాం" అన్నాడు.

కనకరత్నం వంటింటి గోడకి ఆనుకుంది. పక్కనే వెంకటనరసమ్మ, చేతిలో గరిటె చేతిలోనే ఉంది. వెళ్ళొద్దనడానికి ఆవిడకి నోరు రాలేదు. మొహం కాస్త తేరుకున్నంత మాత్రాన పుట్టిన నీళ్ళు వదులుకోమని ఎలా అంటుంది? వెళ్ళదలుచుకుంటే వెళ్ళనీ అనుకుంది. వెళ్ళకపోతే బాగుండునని అంతకన్నా గట్టిగా అనుకుంది.

అబ్బాయిరాజు తొట్టి దగ్గరికి వెళ్ళి ఒంగి చూశాడు. నాచు నడుమ, ఆవగింజకన్నా చిన్నవి, కళ్ళు మాత్రమే కనపడేవి, కొత్త ప్రాణాలు వణుకుతూ కదులుతున్నాయి. వాటిని చాలాసేపు చూశాడు. అటుతరవాత సావిడి దాటి, గోనెపట్టాని పక్కకి తోసి, తడికాళ్ళతో వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. ఆ గడప దగ్గరికి అతను రావడం అదే మొదలు. తొట్టికేసి తిరగలేదు. పెళ్ళాంకేసి చూడలేదు. తలుపు రెక్క మీద చెయ్యి వేసి, అత్తగారి మొహంలోకే చూస్తూ చెప్పాడు.

"అత్తయ్యగారూ, మనింటికి చుట్టం వచ్చారండి. భోంచేసి గాని పంపకూడదు. ఇంకో ఆకు వెయ్యండి."

వెంకటనరసమ్మ కొంగు లాక్కోవడం మర్చిపోయింది.

"అలాగే నాయనా" అంది. "కూర్చోమను. నువ్వు కూడా కూర్చో."

బల్ల మీద అన్నగారికి ఆ మాటలన్నీ వినపడ్డాయి. చుట్టం అన్నది తననేనని అర్థం కావడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఉత్తరీయం తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు.

కనకరత్నం కత్తి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. అరటిచెట్టు దగ్గర నిలబడితే కళ్ళనీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు. ఆకు మాత్రం అన్నిటికన్నా పెద్దదే కోసింది.